అలిపిరి లైన్లో హీటెక్కిందా, ఘాట్ మలుపుల్లో హీటెక్కిందా?

పాత కారు హీటెక్కుతోందంటే మెకానిక్ అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: ఎప్పుడు ఎక్కుతోంది? అది అడక్కుండా బానెట్ ఎత్తి థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్లోకి వదిలే వాల్వు) పీకేస్తే అసలు జబ్బు అట్లాగే ఉండిపోతుంది, దానికి ఇంకో జబ్బు తోడవుతుంది.

తిరుపతి వాళ్లకు ఈ పరీక్షకు దారి సిద్ధంగా ఉంది. అలిపిరి తనిఖీ దగ్గర ఏసీ వేసుకుని లైన్లో నిలబడ్డప్పుడు డాష్‌బోర్డులో వేడి చూపే ముల్లు పైకి పోయి, గేటు దాటి కాస్త వేగం అందుకోగానే దిగిందంటే తప్పు ఫ్యాన్ వైపు ఉంది. నిలబడ్డ బండికి గాలి ఇచ్చేది ఫ్యానొక్కటే, కదిలాక ఎదురుగాలి ఆ పని చూసుకుంటుంది. లైన్లో బాగానే ఉండి, రెండో ఘాట్ సగం ఎక్కేసరికి ముల్లు లేస్తే మాత్రం రేడియేటర్ పూడుకుపోయి ఉండాలి, లేదా వాటర్ పంపు రెక్కలు తినేసి ఉండాలి, లేదా థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటూ ఉండాలి. చిత్తూరు నుంచి పలమనేరు పోయేవాళ్లకు మొగిలి ఘాట్, మదనపల్లె వైపు పోయేవాళ్లకు భాకరాపేట ఘాట్ ఇదే సంగతి చెబుతాయి. స్టార్ట్ చేసిన ఐదారు నిమిషాలకే, వీధి దాటకముందే ఎక్కితే థర్మోస్టాట్ మూసుకుని బిగుసుకుపోయిందో, లోపల గాలి చిక్కుకుందో, అసలు నీళ్లే లేవో చూడాలి.

ముల్లును మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. సెన్సార్ నీళ్లలో మునిగి ఉంటేనే దాని లెక్క సరైనది. నీళ్లన్నీ కారిపోయాక ముల్లు నింపాదిగా సగంలోనే ఉండొచ్చు, లోపల ఇంజన్ మాడుతూ ఉంటుంది. హీటర్ ఉన్న బండయితే దాన్ని వేడికి తిప్పండి. ఇంజన్ వేడిగా ఉండి కూడా చల్లగాలి వస్తోందంటే వెంటనే బండి పక్కకు తీయాలి.

అసలు పరీక్ష పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే మరుగుతున్న నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. చల్లగా ఉన్నప్పుడు మూత తీసి రేడియేటర్ లోపలే చూడండి, పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో గీత చూసి సరిపెట్టుకోవద్దు. డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉండే బండ్లు బోలెడు. అక్కడ తప్పు చాలాసార్లు మూతది.

ఆ మూత గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంత చవక సామాను ఇంత చేటు చేస్తుందని ఎవరూ అనుకోరు. అందులో రెండు వాల్వులుంటాయి. స్ప్రింగు కింద ఉన్న పెద్ద రబ్బరు వాషరు ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. మధ్యలో ఉన్న చిన్న వాల్వు ఇంజన్ చల్లారేటప్పుడు డబ్బాలోని కూలెంటును (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని) వెనక్కి రానిస్తుంది. మూత మీద 0.9 అనో 1.1 అనో ఉంటుంది, అది ఎన్ని బార్ల ఒత్తిడి పట్టి ఉంచుతుందో చెప్పే అంకె. మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీళ్లు 0.9 ఒత్తిడి కింద దాదాపు 118 దాకా మరగవు. వాషరు గట్టిపడి పగిలిందంటే ఆ 18 డిగ్రీల వెసులుబాటు పోతుంది, ఘాట్ మధ్యలో నీళ్లు పొంగి డబ్బాలోంచి బయటికొస్తాయి. చిన్న వాల్వు బిగుసుకుంటే పొద్దున హోసు పైపు లోపలికి పీల్చుకుపోయి నొక్కుకుని కనిపిస్తుంది. కొత్త మూత పాతదాని నంబరుదే వేయండి. 0.9 ఉన్నచోట 1.1 బిగిస్తే పాత హోసో, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అంచో చిట్లే ప్రమాదం ఉంది.

ఇప్పుడు స్టార్ట్ చేసి ఐడిల్లో వదలండి. ఒకట్రెండు నిమిషాల్లోనే, ఇంజన్ ఇంకా వేడెక్కకముందే పై హోసు రాయిలా బిగుసుకుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ పైనున్న హెడ్డుకూ మధ్య ఉండే సీలు) మీద అనుమానం పెట్టుకోవాలి, సిలిండర్ గాలి నీళ్లలోకి తోసుకొస్తోంది. రేడియేటర్లో ఆగకుండా బుడగలు రావడం, ఆయిల్ మూత కింద పాలు కలిపిన టీ రంగు జిడ్డు, వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ దీనికి తోడు సాక్ష్యాలు. ఇవేవీ లేకుండా పై హోసు కాలుతూ కింది హోసు చల్లగా ఉండిపోతే నీళ్లు తిరగట్లేదు. థర్మోస్టాట్ మూసుకుందో, రేడియేటర్ పూడిందో తేల్చాలి.

ఫ్యాన్ తేల్చడం తేలిక. ముందు ఫ్యూజు, రిలే చూడండి. రెండు వైర్ల థర్మో స్విచ్ ఉన్న బండ్లలో ఇగ్నిషన్ ఆన్ చేసి, స్విచ్ కనెక్టర్ ఊడదీసి రెండు పిన్నులనూ చిన్న వైరుతో కలపండి. ఫ్యాన్ తిరిగితే మోటారు మంచిదే, స్విచ్ పోయింది. ఈ మధ్యే మోటారు మార్పించి ఉంటే ఒక కాగితం రేడియేటర్ ముందు పెట్టండి. అది జాలీకి అతుక్కోకుండా ఎగిరిపోతే వైర్లు తారుమారై ఫ్యాన్ ఎదురు తిరుగుతోంది.

ఇక థర్మోస్టాట్. "మన ఎండలకు ఇదెందుకు సార్" అని తీసి పారేసే అలవాటు మన షెడ్లలో బాగా పాతుకుపోయింది. అది లేకపోతే ఇంజన్ పని చేయాల్సిన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, మైలేజీ తగ్గుతుంది, ఆయిల్లో మడ్డి పేరుకుంటుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని మూసేస్తుంది. దాన్ని తీసేస్తే వేడినీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజన్లోకి తిరిగిపోతుంది, ఘాట్లో హీటు ఇంకా పెరుగుతుంది. పారేసే బదులు పరీక్షించండి. వాల్వు సందులో సన్నదారం ఇరికించి, నీళ్ల గిన్నెలో అడుగుకు తగలకుండా వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి స్టవ్ వెలిగించండి. అంచు మీద 82 అని ఉంటే ఆ దరిదాపుల్లో వాల్వు నోరు తెరుస్తుంది, దారం జారి థర్మోస్టాట్ గిన్నె అడుగున టక్కుమని పడుతుంది. మరిగే నీళ్లలో కూడా పడకపోతే మార్చాల్సిందే. కొత్తది బిగించేటప్పుడు గాలిపోయే చిన్న పిన్ను పైవైపు ఉండాలి.

రేడియేటర్ పూడుకోవడానికి పెద్ద కారణం బోరు నీళ్లు. వాటిలో సున్నం గొట్టాల్లో పొరగా పేరుకుంటుంది, అల్యూమినియం హెడ్డును తుప్పు తింటుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ (యాసిడ్ కాదు), కూలెంట్ చెరిసగం కలపండి. కాన్సన్ట్రేట్ డబ్బా అయితేనే కలపాలి, రెడీమిక్స్ అయితే చుక్క నీళ్లు కూడా వద్దు. రంగు చూసి జత కలపొద్దు, రెండు పచ్చ కూలెంట్లు ఒకే జాతివి కానక్కర్లేదు. తీసిన పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది కానీ విషం, కుక్కలు తాగుతాయి. వీధిలో పారబోయకండి.

ఘాట్లో ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ పూర్తి వేడికి పెట్టి, ఒక గేరు తగ్గించి ఎక్కండి. పెద్ద గేర్లో ముక్కుతూ ఎక్కిస్తే ఇంజన్ మీద భారం ఎక్కువ, పంపు తిప్పే నీళ్లు తక్కువ. ఎర్రగీత తాకినా ఆవిరి కనిపించినా సురక్షితమైన చోట ఆపి ఇంజన్ కట్టేయండి. అరగంటకు తక్కువ కాకుండా ఆగాలి. కాలుతున్న బ్లాకు మీద చన్నీళ్లు పోస్తే హెడ్డు వంకరపోతుంది, పగలనూ వచ్చు. ఒకసారి గట్టిగా హీటెక్కిన బండికి హెడ్డు విప్పితే గ్యాస్కెట్ మార్చి ఊరుకోకుండా, హెడ్డు వంకరపోయిందేమో స్కేలు పెట్టి ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్న రేకులతో) చూపించమని అడగండి. చిన్న పెట్రోల్ ఇంజన్లలో వంకర 0.05 మిల్లీమీటరు దాటితే ఫేసింగ్ (హెడ్డు అడుగును చదును చేయడం) చేయించాల్సిందే.

కూలెంట్ నింపేటప్పుడు బండి ముక్కు పైకుండేలా వాలు మీద పెట్టి, హీటర్ తెరిచి, చల్లగా ఉన్నప్పుడే మూత తీసి నిదానంగా పోయండి. ఐడిల్లో నడుపుతూ పై హోసును నొక్కుతుంటే బుడగలు లేస్తాయి. థర్మోస్టాట్ తెరుచుకోగానే నీళ్లు ఒక్కసారి దిగుతాయి, మళ్లీ నింపి మూత బిగించండి. మర్నాడు పొద్దున మూత తీసి చూస్తే అర లీటరు దాకా దిగి ఉండవచ్చు, అది లోపల మిగిలిన గాలి చోటు. మళ్లీ నింపాక రెండో రోజూ మూడో రోజూ దిగుతూనే ఉంటే పంపు కింద చిన్న రంధ్రం దగ్గర మరకలున్నాయేమో, డాష్‌బోర్డు కింద కార్పెట్ తడిసిందేమో టార్చి వేసి వెతకండి.