అక్క పోసిన మొదటి గ్లాసు

బాస్కెట్‌బాల్ ఆట ముగిసి సాక్సులు విప్పినప్పుడు పిక్కల కింద లోతుగా గాడి పడి ఉండడమే నేను గమనించిన మొదటి వాపు. మూత్రంలో నురగ అంతకు కొన్ని వారాల ముందే మొదలైనా, ఎండలో ఆడడం వల్లనేమో అనుకున్నాను. బయాప్సీలో ఎఫ్‌ఎస్‌జీఎస్ అని తేలింది. కిడ్నీల్లో రక్తాన్ని వడకట్టే సన్నని రక్తనాళాల గుత్తులు మచ్చలు కట్టి, ఒంట్లో నిలవవలసిన ప్రోటీన్ మూత్రంలోకి జారిపోయే జబ్బు అది. రెండేళ్లకు డయాలసిస్ తప్పలేదు.

వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటల చొప్పున సూదులు భరించాను కానీ దాహాన్ని భరించలేకపోయాను. చారు, మజ్జిగ కూడా కలుపుకొని రోజుకు లీటరు దాటకూడదన్నారు. మే నెలలో తాడేపల్లి నుంచి విజయవాడ ఆసుపత్రికి ప్రకాశం బ్యారేజీ మీదుగా వెళ్లేటప్పుడు, నిండుగా నిలిచిన కృష్ణ నీళ్లను చూడలేక తల దించుకునేవాణ్ణి. అక్క మంచుముక్క ఒకటి నోట్లో పెట్టి, "మెల్లగా చప్పరించరా" అనేది.

అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు అలోంజో మోర్నింగ్ గురించి అప్పుడే చదివాను. ఆయనకూ ఇదే జబ్బు 2000లో బయటపడింది. 2003 డిసెంబరులో బంధువు ఇచ్చిన కిడ్నీతో కోలుకుని, 2006లో తన జట్టు మయామి హీట్ విజేతగా నిలిచిన చివరి మ్యాచ్‌లో 5 షాట్లను అడ్డుకున్నారు. ఆయనకన్నా ముందు, 1999 ఆగస్టులో సొంత అన్న కిడ్నీ పొందిన షాన్ ఇలియట్ 2000 మార్చికే మళ్లీ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడారు. ఇది చదివి వినిపిస్తే అక్క, "అయితే రేపు నా రక్తం కూడా పరీక్షకు ఇద్దాం" అంది.

కొత్త కిడ్నీని పొత్తికడుపులో కుడివైపు అమర్చారు. పక్కటెముకల కాపు లేని ఆ చోట మోచేయి తగిలితే ప్రమాదమని, మ్యాచ్‌లు ఆడవద్దని డాక్టరు గారు చెప్పారు. మోర్నింగ్ సాధించినదేమిటో నాకు నిజంగా అర్థమైంది అప్పుడే. బుట్ట కింద నిలబడి, ఎదుటివాళ్ల భుజాలనూ మోకాళ్లనూ ఒంటి మీద కాచుకోవడమే సెంటర్ స్థానంలో ఆడే ఆయన పని. ఆయన మళ్లీ ఆ చోటికే వెళ్లారు. ఆ ధైర్యం ముందు కప్పు కూడా నాకు చిన్నదిగానే కనిపిస్తుంది.

నేను పన్నెండు గంటలకొకసారి మాత్రలు వేసుకుంటాను. జబ్బు కొత్త కిడ్నీకి కూడా తిరిగి రావచ్చు కనుక ప్రోటీన్ పరీక్ష ఎన్నడూ మానను. సాయంత్రాలు, ఎవరూ అడ్డురాకుండా గీత దగ్గర నిలబడి బుట్టలోకి వేసే ఫ్రీ త్రోలు మాత్రం వేస్తాను. ఆపరేషన్ తరువాత నాకు మొదటి గ్లాసు నిండా నీళ్లు పోసిన అక్క, ఇప్పుడు కోర్టు అంచున సీసా పట్టుకుని కూర్చుని, ప్రతి పది షాట్లకూ నన్ను పిలుస్తుంది.