‘స్మిటెన్’ పక్కన ఆన్ రాదు: ఇంగ్లిష్ వొకాబ్‌ ప్రిపరేషన్‌లో నా అనుభవం

విజయనగరంలో రూమ్ తీసుకుని ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) చదివేవాళ్లలో నాలాంటి తెలుగు మీడియం వాళ్లు చాలామందే ఉన్నారు. మ్యాథ్స్, రీజనింగ్ ఎలాగోలా లాగించేస్తాం. టెన్షనంతా ఇంగ్లిష్ దగ్గరే. టైర్-1లో, అంటే మొదటి దశలో, ఇంగ్లిష్‌కి 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పు పెడితే అర మార్కు కోత.

వొకాబ్ లిస్టుల్లో క్యాప్టివేటెడ్, ఎంత్రాల్డ్, స్మిటెన్, ఎనామర్డ్ అన్నిటికీ ‘ఆకర్షితుడైన’ అని ఒకే అర్థం ఇచ్చేస్తారు. సినానిమ్ ప్రశ్నకు అది సరిపోతుంది. వాక్యంలో తప్పు పట్టుకోమనే ఎర్రర్ స్పాటింగ్ వచ్చిందంటే మాత్రం మన తెలుగు విభక్తే మనల్ని ముంచుతుంది. ‘ఆమె మీద మనసు పారేసుకున్నాడు’ అంటాం కాబట్టి స్మిటెన్ ఆన్ సరైనదే అనిపిస్తుంది. ‘పాటకు ముగ్ధుడయ్యాడు’ అంటాం కాబట్టి క్యాప్టివేటెడ్ టు చెవికి బాగానే వినిపిస్తుంది. రెండూ తప్పే. క్యాప్టివేటెడ్, ఎంత్రాల్డ్ పక్కన బై అనే ప్రిపొజిషన్ రావాలి. స్మిటెన్‌కి విత్ గానీ బై గానీ. ఇలాంటి మాటే అయిన ఇన్‌ఫాచ్యుయేటెడ్‌కి విత్. ఎనామర్డ్‌కి ఆఫ్. విత్ కూడా వాడతారు కానీ పరీక్షకు ఆఫ్ గుర్తుంచుకోండి.

స్మిటెన్ దగ్గర కాస్త ఆగండి. స్మైట్, స్మోట్, స్మిటెన్. స్మైట్ అంటే గట్టిగా కొట్టడం. అందుకే ఈ మాట ప్రేమకే కాదు, జబ్బుకీ పశ్చాత్తాపానికీ కూడా వస్తుంది. ప్యాసేజ్‌లో ఒక ఊరు ‘స్మిటెన్ బై ప్లేగ్’ అని కనిపిస్తే, ఆ ఊరు ప్లేగుని చూసి మురిసిపోయిందని కాదు! ఎంత్రాల్‌లోని థ్రాల్ అంటే బానిస, క్యాప్టివేట్‌ వెనక ఉన్నది క్యాప్టివ్, అంటే బందీ. మన ‘ఆకట్టుకోవడం’లోనూ కట్టు ఉంది కదా. మెస్మరైజ్‌కి (మంత్రముగ్ధం చేయడం) మూలం 18వ శతాబ్దంలో వియన్నాలో వైద్యం చేసిన మెస్మర్ అనే డాక్టరు పేరు.

ఇంకొకటి, పుస్తకాల్లోని ఉదాహరణలు నాకు ఎక్కవు. వాక్యాలు మన ఊరివే రాసుకునేదాన్ని. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ విన్నవాళ్లు ఎంత్రాల్డ్ బై హిజ్ మ్యూజిక్. పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను కోట వైపు కదులుతుంటే జనమంతా స్పెల్‌బౌండ్ (మంత్రముగ్ధులు), దీని పక్కన ప్రిపొజిషన్ ఏమీ లేకపోయినా నడుస్తుంది. మా తమ్ముడు స్మిటెన్ విత్ హిజ్ న్యూ బైక్. వాడికది చూపించాక, పెట్రోల్ డబ్బులు కూడా వాక్యంలో పెట్టక్కా అన్నాడు.

రోజుకి ఏభై మాటలు బట్టీ పట్టే వీడియోలు చూసి కంగారుపడకండి. ఐదు చాలు, ప్రతి మాటా దాని ప్రిపొజిషన్‌తో కలిపి, పైకి చదువుతూ రాయండి.