బరువు నడుము మీద నిలవాల

చిత్తూరు నుంచి కాలినడకన తిరుమల కొండకు వస్తానని మొక్కుకున్నది మా అమ్మ. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆమె అంత దూరం నడవలేదు కాబట్టి ఆ మొక్కు నా మీద పడింది. వెంకన్నకు ముఖ్యమైన తమిళ నెల పెరటాసిలో శనివారానికి స్వామి ముందు ఉండేటట్టు బుధవారం తెల్లారుజామునే బయల్దేరాం, నేనూ మా పెదనాయనా. ఆయనకు ఈ నడక కొత్త కాదు. భుజాన ఒక గుడ్డ సంచి, అందులో ఇంకో పంచె, టవలు, నీళ్ల సీసా, అంతే. నా వీపు మీద మాత్రం ఆఫీసులో తెలిసినాయన ఇచ్చిన 50 లీటర్ల ట్రెక్కింగ్ బ్యాగు. ఇంట్లో తూకం వేస్తే 11 కిలోలు వచ్చింది. నేను 62 కిలోలుంటాను.

చిత్తూరు నుంచి కాణిపాకం 12 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ కాస్త దూరానికే కుడి చేతి వేళ్లు తిమ్మిరెక్కాయి. చెయ్యి విదిలిస్తూ నడుస్తుంటే పెదనాయన చూశాడు.

"ఏందిరా, చెయ్యి అట్ల విదిలిస్తా ఉండావు?"

"వేళ్లు మొద్దుబారినాయి పెదనాయనా."

"ముందు ఆ మూట దించు. మందు ట్యాంకు ఎట్ల ఎత్తుకుంటామో చూసినావు గదా. వీపుకు అంటుకోని ఉండాల. రవ్వంత ఎడముంటే సాయంత్రానికి భుజాలు పగిలిపోతాయి. నీ మూట ఎనక్కి యాలాడతా ఉంది."

ఆయన టమోటా రైతు. 16 లీటర్ల పురుగుల మందు ట్యాంకు నింపుకొని సాళ్ల వెంబడి తిరిగిన మనిషి. వీపు మీద బరువు సంగతి ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. వరసిద్ధి వినాయకుడి దర్శనం చేసుకొని, ఆ రోజు ఇక ముందుకు పోకుండా కాణిపాకంలోనే ఆగిపోయాం. బస చేసిన చోట అరుగు మీద బ్యాగు మొత్తం విప్పి పరిచాను.

అసలు తప్పు పట్టీలను బిగించడంలో లేదు. బ్యాగు ఇచ్చినాయన ఆరడుగుల మనిషి. ఇలాంటి బ్యాగుకు కొలత మనిషి ఎత్తు కాదు, వెన్ను పొడవు. తల వంచితే మెడ కింద పొడుచుకొచ్చే ఎముక ఉంటుంది కదా, అక్కణ్ణుంచి తుంటి ఎముకల పై అంచు దాకా ఎంతుందో అదీ లెక్క. పెదనాయన నా వీపు మీద జానతో కొలిచి, అదే జానను బ్యాగు మీద పెట్టి చూశాడు. బ్యాగు కొలత నాకంటే నాలుగు వేళ్లు ఎక్కువుంది. అందుకే నడుం పట్టీ తుంటి మీద కూర్చోకుండా పిరుదుల మీదికి జారిపోయింది. 11 కిలోలూ భుజాల నుంచి వేలాడాయి. కాలర్ ఎముక దగ్గర చేతిలోకి పోయే నరాల మీద పట్టీ నొక్కుకుంటే వేళ్లు తిమ్మిరెక్కక ఏమవుతాయి?

బ్యాగు వెనకవైపు భుజాల పట్టీలున్న మెత్త వెల్క్రోతో అతికించి ఉంది. దాన్ని ఊడదీసి నాలుగు వేళ్లు దించి అతికించాను. తర్వాత పట్టీలన్నీ పూర్తిగా వదులు చేశాను. ఇది చాలామంది చేయరు, నేనూ చేయలేదు. పాత బిగింపు మీదే బ్యాగు తగిలించుకొని ఎక్కడ నొస్తే అక్కడ లాగుతూ పోతే ఎప్పటికీ కుదరదు. అరుగు మీద బ్యాగు నిలబెట్టి, దానికి వీపు ఆనించి చేతులు దూర్చాను. కొంచెం ముందుకు వంగి, నడుం పట్టీ మెత్తలో సగం తుంటి ఎముక అంచుకు పైన, సగం కింద ఉండేటట్టు పెట్టి మొదట దాన్ని బిగించాను. నిలబడేసరికి బరువు కాళ్లలోకి దిగినట్టు తెలిసింది. ఆ తర్వాతే భుజాల పట్టీలు, అవీ ఒంటిని తాకే దాకా మాత్రమే. భుజం మీది నుంచి బ్యాగు పైభాగానికి ఏటవాలుగా పోయే చిన్న పట్టీలు రెండుంటాయి, వాటిని కొంచెం లాగితే బ్యాగు వెనక్కి వాలడం ఆగింది. ఛాతీ పట్టీ కాలర్ ఎముకలకు మూడు వేళ్ల కింద, ఊపిరి నిండా పీల్చేందుకు అడ్డం రాకుండా. ఇదే వరసలో వేసుకోవాలి. దించేటప్పుడు దీనికి తిరగేసి.

బరువు కూడా తగ్గించాం. రెండో దుప్పటి, అదనపు బూట్లు, సగం మురుకులు మా బావమరిది బండి మీద చిత్తూరుకు తిరిగి పోయాయి. మిగిలింది 7 కిలోలు. అటుకులు, బెల్లం, నీళ్లలాంటి బరువైనవి వీపుకు ఆనుకొని నడిమధ్యన, బట్టలు అడుగున సర్దాను.

గురువారం పూతలపట్టు దాటి తిరుపతి రోడ్డు పట్టాం. పసుపు బట్టల్లో గుంపులు గుంపులుగా జనం, గోవింద నామాలు, దారి పక్క పందిళ్లలో పులిహోర, మజ్జిగ. భుజాలు హాయిగా ఉన్నాయి గానీ మధ్యాహ్నానికి కుడి తుంటి మీద మంట మొదలైంది. చొక్కా ఎత్తి చూస్తే తోలు లేచింది. పంచె ముడి, దానితో పాటు మొలతాడుకున్న తాయెత్తు, రెండూ సరిగ్గా నడుం పట్టీ కింద నలుగుతున్నాయి. తాయెత్తును బొడ్డు దగ్గరకు జరిపి, ముడిని పట్టీ కిందికి దించి కట్టి, కొబ్బరినూనె రాసుకున్నాను. ఏ బ్యాగు అమ్మేవాళ్లూ ఈ మాట చెప్పరు, వాళ్లు పంచె కట్టి నడవరు కదా. ఇంకొకటి కూడా తెలిసింది. చెమటకు నవారు జారుతుంది, తిన్నాక వదులు చేసిన పట్టీ అలాగే ఉండిపోతుంది. అందుకే గంటకోసారి చెయ్యి పెట్టి చూసుకునేవాణ్ణి.

శుక్రవారం వాతావరణ పరిశోధన రాడార్ ఉన్న గాదంకి దాటాక పెదనాయన ఉన్నట్టుండి, "ఇటియ్యిరా, నేనూ చూస్తా" అని బ్యాగు అడిగాడు. ఆయన కొలతకు మళ్లీ అన్నీ మార్చి తగిలించాను. మాట్లాడకుండా రెండు కిలోమీటర్లు నడిచాడు.

"ఈ నడుం పట్టీ మందు ట్యాంకుకు ఎందుకు పెట్టలేదురా?"

నా దగ్గర జవాబు లేదు. పొలంలో ఎన్నోసార్లు ఆయన వెనకే నడిచాను, ఆ భుజాల మీద నల్లగా కాయలు కాసిన గీతలు చూశాను, ఒక్కసారి కూడా అడగలేదు.

చంద్రగిరి మీదుగా శ్రీనివాసమంగాపురం చేరి రాత్రి అక్కడ పడుకున్నాం. శనివారం పొద్దున శ్రీవారి మెట్టు దగ్గర దేవస్థానం లగేజీ కౌంటరులో బ్యాగు ఇచ్చేశాం, వాళ్లే ఉచితంగా పైకి చేరుస్తారు. 2388 మెట్లు ఒట్టి వీపుతో ఎక్కాను. పైన తలనీలాలు ఇచ్చి, దర్శనం చేసుకొని, అమ్మ మొక్కు అప్పజెప్పాను.

ఇంటికొచ్చిన మూడో రోజు పాత మంచం నవారు కత్తిరించి, లోపల చింకి దుప్పటి మడత పెట్టి నడుం పట్టీ కుట్టించాం. బకిల్ బజారులో దొరికింది. ట్యాంకు అడుగున ఇనుప చట్రానికి ఆ పట్టీని కట్టి, పెదనాయన తుంటి మీద కూర్చునేదాకా రెండుసార్లు విప్పి కట్టాం. నిన్న టమోటాకు మందు కొట్టాడు. ఎడమ వైపు ఇంకో వేలు పైకి జరపాలంట.