నీలం డ్రమ్ములో ఏముండేది?

జీడిమెట్లలో సాల్వెంట్లు అమ్మే ఒక గోడౌన్‌లో ఆరేళ్లు డిస్పాచ్ చూశాను. ఖాళీ అయిన నీలం డ్రమ్ముల్ని కడిగి బయట అమ్మేసేవాళ్లు, మా బస్తీలో సగం ఇళ్లలో నీళ్లు పట్టుకునేది వాటిలోనే. మా ఇంట్లోదానికి లేబుల్ ఎంత గీకినా పుర్రె బొమ్మ సగం అలాగే ఉండిపోయింది. అమ్మ దానికే పసుపు రాసి బొట్టు పెట్టింది.

మొన్న హలబ్జా గురించి చదువుతుంటే ఆ డ్రమ్మే గుర్తొచ్చింది. 1988 మార్చి 16న సద్దాం విమానాలు ఇరాక్‌లోని ఆ కుర్దుల ఊరి మీద విషవాయువు బాంబులు వేస్తే 5,000 మంది దాకా చనిపోయారు. అక్కడ వాడిన విషవాయువుల్లో ఒకటైన మస్టర్డ్ గ్యాస్‌కి ముడిసరుకు థయోడైగ్లైకాల్ అనే రసాయనం, బట్టల అద్దకంలోనూ ఇంకుల్లోనూ వాడే మామూలు సరుకే. సద్దాం ప్రభుత్వానికి దాన్ని 1,000 టన్నులకు పైగా చేరవేసినవాడు ఫ్రాన్స్ వాన్ ఆన్‌రాట్ అనే డచ్ వ్యాపారి. 1989లో ఇటలీలో దొరికి, బయటపడి, బాగ్దాద్‌లో దాక్కుని, 2003లో సద్దాం పడిపోయాక సొంత దేశం చేరాడు. మరుసటి ఏడాది అరెస్ట్. 2005లో హేగ్ కోర్టు యుద్ధ నేరాల్లో సహకారానికి 15 ఏళ్లు వేస్తే, అప్పీల్లో అది 17 అయింది, ఆఖరికి డచ్ సుప్రీంకోర్టు ఆరు నెలలు తగ్గించింది. జాతిహత్యలో సహకారం అన్న నేరం మాత్రం నిలబడలేదు, కుర్దుల్ని తుడిచిపెట్టాలని సద్దాం మనసులో ఉన్నట్టు ఇతనికి తెలుసని రుజువు కాలేదట. గ్యాస్‌కే పోతోందని తెలుసు అన్నదాన్ని మాత్రం కోర్టు నమ్మింది.

నేనూ నమ్ముతాను. ఈ లైన్‌లో ఉన్నవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? అద్దకం వాడైతే కిలోకి రూపాయి తగ్గించమని గంట సేపు ప్రాణం తీస్తాడు, బేరమే ఆడకుండా టన్నులకు టన్నులు అడిగేవాడు అద్దకం వాడు కాదు.

బెల్జియంలో 2019లో ఇంకో తీర్పు వచ్చింది. సిరియాకి లైసెన్స్ లేకుండా ఐసోప్రొపనాల్ పంపిన కంపెనీల మీద. కోవిడ్‌లో మనం చేతులకి రాసుకున్న శానిటైజర్‌లో ఉండేదే, బాగా గాఢంగా ఉంటే సారిన్ అనే విషవాయువు తయారీకీ పనికొస్తుంది. అక్కడ నడిచింది కాగితాల కేసు, కంపెనీలకు జరిమానాలు పడ్డాయి, మేనేజర్లెవరూ జైలుకెళ్లలేదు. జరిమానా అంటే వ్యాపారికి ఇంకో ఖర్చు, ఆ లెక్క ఎక్కడ రాయాలో అకౌంటెంట్‌కి బాగా తెలుసు. వాన్ ఆన్‌రాట్‌ లాగా మనిషిని పట్టుకుంటే గానీ భయం ఉండదు.

మా గోడౌన్‌కీ ఒకసారి అలాంటి ఆర్డర్ వచ్చింది. రేటు అడగలేదు, డబ్బు ముందే కట్టేశాడు, ఏం తయారు చేస్తారు అంటే ఫోన్ పెట్టేశాడు. "బిల్లు సరిగ్గానే ఉందిగా, పంపేయవోయ్" అన్నాడు మా సేటు. అవి నిజంగా ఏ పెయింట్ల వాడికో వెళ్లి ఉండొచ్చు. 40 డ్రమ్ములు. లారీ ఎక్కించి, చలాన్ మీద సంతకం పెట్టింది నేనే.