గుంటూరు మీద గ్రహణం, మా యంత్రంలో హీలియం

ఏటా ఆగస్టు 18 దగ్గరపడితే చాలు, మా గ్రూపుల్లో "హీలియం పుట్టింది మన గుంటూరులోనే" అని ఒక మెసేజ్ తిరుగుతుంది. అది చూస్తే నాకు భలే సంతోషం. ఎందుకంటే నా ఉద్యోగం హీలియం పక్కనే. కొత్తపేటలో ఒక స్కాన్ సెంటర్‌లో, పెద్ద అయస్కాంతంతో ఒంటి లోపలి బొమ్మలు తీసే ఎమ్మారై యంత్రానికి టెక్నీషియన్‌ని. పొద్దున డ్యూటీ ఎక్కగానే పేషెంట్ల లిస్టు కన్నా ముందు నేను చూసేది యంత్రాన్ని చల్లగా ఉంచే ద్రవ హీలియం ఎంత శాతం ఉందన్నదే. అయితే జరిగిన కథ ఆ ఒక్క ముక్క కంటే చాలా బాగుంటుంది. మన ఊరికి రావాల్సిన పేరు మన ఊరికి వస్తుంది, పక్కవాళ్ళది పక్కవాళ్ళకీ దక్కుతుంది.

1868 ఆగస్టు 18, మంగళవారం. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం నీడ అరేబియా వైపు నుంచి వచ్చి, బీజాపూరు మీదుగా గుంటూరు, మచిలీపట్నం దాటి సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) వైపు వెళ్ళింది. దానికోసం పారిస్ నుంచి పియర్ జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఇంత దూరం వచ్చి, గుంటూరులో ఉండే ఒక ఫ్రెంచి వర్తకుడి మేడ మీద తన పరికరాలు బిగించుకున్నాడు. చిన్నప్పుడు జరిగిన ప్రమాదం వల్ల ఆయనకు ఒక కాలు కుంటి. ఇంగ్లీషువాళ్ళ తరఫున మేజర్ టెన్నెంట్ కూడా ఇదే ఊళ్ళో వేరేచోట మకాం పెట్టాడు. ఆగస్టంటే మనకు తెలుసుగా, ఎప్పుడు మబ్బు కమ్ముతుందో చెప్పలేం.

సూర్యుడు పూర్తిగా మూసుకుపోయినప్పుడు అంచు చుట్టూ ఎర్రటి జ్వాలలు కనిపిస్తాయి. అవి ఏమిటన్నది అప్పటికి తేలలేదు. జాన్సెన్ వాటి వెలుగును స్పెక్ట్రోస్కోపులో, అంటే వెలుగును రంగులుగా విడదీసి చూపే పరికరంలో చూస్తే విడివిడిగా మెరిసే గీతలు కనిపించాయి. ఒక్కో మూలకానికి తనవైన గీతలుంటాయి. అంటే అది వేడెక్కిన వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా ఇవి కనిపించి తీరాలి అని ఆయనకు అక్కడికక్కడే తట్టింది. గ్రహణం వీడాక ఆ రోజంతా మబ్బు పట్టేసింది. మర్నాడు తెల్లవారగానే మళ్ళీ కూర్చున్నాడు. మామూలు ఎండలో, గ్రహణం ఊసే లేకుండా, ఆ జ్వాలలను చూశాడు. అంతకుముందు ఎవరూ చేయని పని అది. నన్నడిగితే గుంటూరు గొప్పగా చెప్పుకోవాల్సింది 18వ తేదీ గురించి కాదు, 19వ తేదీ గురించి.

ఆ తర్వాత కూడా రోజుల తరబడి చూస్తూనే ఉండి, సెప్టెంబరు 19న కాకినాడ నుంచి పారిస్‌లోని సైన్సు అకాడెమీకి ఉత్తరం రాశాడు. అది సముద్రం దాటి చేరేలోగా, ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త తనంతట తానే ఇదే పద్ధతి కనిపెట్టి అక్టోబరు 20న జ్వాలలను చూశాడు. రెండు ఉత్తరాలూ అకాడెమీ ముందుకు ఒకే సమావేశంలో వచ్చాయి. ఎవరు ముందని తగువు పడకుండా ఇద్దరి ముఖాలూ కలిపి పతకం పోయించారు. ఎంత మర్యాదైన పని!

మరి హీలియం ఏది? ఆ గీతల్లో ఒకటి పసుపుపచ్చది. హీలియం గీత అదే, కానీ అప్పటికి ఆ సంగతి ఎవరికీ తెలియదు. గుంటూరులో టెన్నెంట్ దాన్ని చూసి సోడియం గీత అనుకున్నాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి మచిలీపట్నం వచ్చిన పోగ్సన్ మాత్రం, సోడియం దగ్గరే గాని సరిగ్గా అక్కడ కాదేమో అని అనుమానపడ్డాడు. జాన్సెన్ ఉత్తరాల్లో ప్రధానంగా ఉన్నది హైడ్రోజన్ సంగతే.

టెన్నెంట్‌ను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. పాత సీడీ ముక్క, అట్టపెట్టె, సన్నటి చీలికతో నేనొక స్పెక్ట్రోస్కోపు చేసుకున్నాను. లైటార్పి గ్యాస్ పొయ్యి మంట మీద చిటికెడు ఉప్పు చల్లితే నీలం మంట ఒక్కసారిగా పసుపుపచ్చగా లేస్తుంది. అట్టపెట్టెలోంచి చూస్తే నల్లటి చీకట్లో ఒకే ఒక పసుపు గీత. నిజానికి అవి రెండు, 589.0, 589.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర. నా పెట్టెకు ఆ రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. హీలియం గీత ఉండేది 587.6 దగ్గర. తేడా రెండు నానోమీటర్లు కూడా లేదు. ఐదు నిమిషాల చీకట్లో, మబ్బుల మధ్య, చేత్తో తిప్పుకునే పరికరంతో దాన్ని పట్టుకోవాలి!

ఇది సోడియమూ కాదు, భూమ్మీద తెలిసిన ఏ మూలకమూ కాదు అని పట్టుబట్టింది లాకియర్. రసాయన శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మలేదు. చివరికి 1895లో విలియం రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేసి, వచ్చిన వాయువులో అదే గీత చూశాడు. యురేనియం క్షీణిస్తూ వదిలే ఆల్ఫా కణాలే రాతిలో చిక్కుకుని హీలియం అవుతాయి. బెలూన్లలో నింపేదీ, మా యంత్రంలో పోసేదీ అలా భూమిలోపల పోగై సహజవాయువుతో పాటు బయటికొచ్చిందే.

1908లో డచ్చి శాస్త్రవేత్త కామెర్లింగ్ ఆనెస్ దాన్ని ద్రవంగా మార్చాడు. మైనస్ 269 డిగ్రీలు. ఆ చలిలో మా యంత్రం అయస్కాంతంలో చుట్టిన నియోబియం-టైటానియం తీగలో కరెంటుకు నిరోధం ఉండదు. ఒకసారి కరెంటు ఎక్కిస్తే ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంటుంది. మా అయస్కాంతానికి స్విచ్ ఆఫ్ లేనిది అందుకే. ఆవిరైన హీలియాన్ని మళ్ళీ చల్లబరిచే కోల్డ్ హెడ్ రాత్రీ పగలూ చుక్ చుక్ మంటుంది. హీలియం ఒక్కసారిగా మరిగితే ఏడువందల రెట్లకు పైగా ఉబ్బుతుంది కాబట్టి, బయటికి పోవడానికి డాబా మీదికి లావుపాటి గొట్టం ఉంటుంది.

మొన్న సత్తెనపల్లి వైపు నుంచి ఒక పెద్దామె మోకాలి స్కాన్‌కి వచ్చింది. "లోపల ఎవరూ లేరు గదా నాయనా, ఆ చప్పుడేంది?" అంది. హీలియం గురించి చెప్పి, దాని వెలుగును మొదట చూసిన ఊళ్ళలో మనదొకటి అన్నాను.

"ఎప్పుడు?"

"నూటయాభై ఏళ్ళ పైమాటమ్మా. గ్రహణం రోజున, మేడెక్కి."

ఆమె కళ్ళు పెద్దవి చేసింది. "గ్రహణంనాడు మేడెక్కారా! మమ్మల్ని వాకిట్లోకి కూడా రానిచ్చేవాళ్ళు కాదే." పక్కనున్న కొడుకు నవ్వాడు. ఆమె నవ్వలేదు. "ఇంతకీ ఏం కనపడింది, మొత్తం చెప్పు" అంది. ముందు పేషెంటు స్కాన్ అవడానికి ఇంకా టైముంది. కుర్చీ లాక్కుని జాన్సెన్ దగ్గర మొదలుపెట్టాను.