కాక్‌పిట్ తలుపుకు ఇవతల కనిపించేది

తిరుపతిలోని మా బంధువుల్లో చాలామందికి ఇప్పటికీ క్యాబిన్ క్రూ అంటే నవ్వుతూ నమస్కరించి మంచినీళ్లు అందించే పిల్లలే. మా అక్క కూతురు ఆ ఉద్యోగంలో చేరిన తరువాత నేను ఈ విషయమై చదవడం, ఆమె సెలవులకు వచ్చినప్పుడల్లా ప్రశ్నలతో విసిగించడం మొదలుపెట్టాను. గాలిలో ఆపద వచ్చినప్పుడు పైలట్లు క్రూకు ఆదేశాలివ్వడం కంటే, క్రూ తమ కంటబడిన దానిని పైలట్లకు చెప్పగలగడమే కష్టమని ఇప్పుడు నాకు అనిపిస్తున్నది.

1989 జనవరి 8న లండన్ నుంచి బెల్‌ఫాస్ట్‌కు బయలుదేరిన బ్రిటిష్ మిడ్‌లాండ్ బోయింగ్ 737లో ఎడమ ఇంజిన్ ఫ్యాన్ బ్లేడు విరిగింది. విమానం అదిరింది, పొగ వాసన వచ్చింది. పైలట్లు పొరబడి కుడి ఇంజిన్ వేగం తగ్గించగా, కాకతాళీయంగా అదురు కూడా తగ్గడంతో, తాము సరిగానే గుర్తించామని నమ్మి బాగున్న ఆ ఇంజిన్‌ను పూర్తిగా ఆపివేశారు. లోపం కుడి ఇంజిన్‌లో ఉందని కెప్టెన్ మైకులో ప్రకటించాడు. ఎడమవైపు మంటలు చూసిన ప్రయాణికులు ఆ మాట విని తికమకపడ్డారు. వెనుక ఉన్న ముగ్గురు క్రూ సభ్యులకు కూడా ఆ మంటలు కనిపించాయి. అయినా ఒక్కరి మాటా కాక్‌పిట్‌కు చేరలేదు. అన్ని మీటర్లు ఎదుట పెట్టుకున్నవారికి మనం చూసినది తెలియకుండా ఉంటుందా అని అనుకుని ఉంటారు. కెగ్‌వర్త్ దగ్గర విమానం కూలి, 126 మందిలో 47 మంది మరణించారు.

రెండు నెలలకే కెనడాలోని డ్రైడెన్‌లో రెక్కలమీద మంచుతోనే ఒక విమానం బయలుదేరి కూలింది. మంచును చూసినా, ఇలాంటి విషయాలు తమ నోట వినడం పైలట్లకు నచ్చదనే భావనతో తాను చెప్పలేదని ప్రాణాలతో బయటపడిన క్రూ సభ్యురాలు విచారణలో వివరించింది. పెద్దల తప్పు ఎత్తిచూపడానికి జంకే ఇళ్లలో పెరిగిన నేను దీనిని పరాయి దేశపు వింతగా కొట్టిపారేయలేను.

అందుకే నేటి శిక్షణలో పైలట్లను, క్రూను కలిపి కూర్చోబెడుతున్నారు. 2001 తరువాత కాక్‌పిట్ తలుపు దృఢమై, తాళంతోనే ఉంటున్నది కనుక మాటలన్నీ దాదాపు ఇంటర్‌ఫోన్ (విమానం లోపలి ఫోన్) మీదనే నడుస్తాయి. ఆపద వేళ కెప్టెన్ ఇచ్చే సమాచారాన్ని "నిట్స్" అంటారు: సమస్య ఏమిటి, ఏం చేయబోతున్నాము, ఎంత సమయం ఉంది, ప్రత్యేకంగా పాటించవలసినవి ఏమిటి. విన్నవారు దానినంతా తిరిగి అప్పజెప్పాలి. తేడా ఉంటే అక్కడికక్కడే దిద్దుతారు.

అటునుంచి ఇటు ఇంత పకడ్బందీగా ఉన్నా, ఇటునుంచి అటు వెళ్లే మాటలో చిక్కులు మిగిలే ఉన్నాయి. పదివేల అడుగుల లోపు కాక్‌పిట్‌లో అనవసరపు మాటలు వద్దన్న నియమం అమెరికాలో 1981లో వచ్చి, తరువాత అనేక దేశాలకు పాకింది. మంచి నియమమే, కానీ కొత్తగా చేరినవారు అత్యవసరమైన కబురు చెప్పడానికి కూడా దానివల్ల వెనుకాడవచ్చు. కుడిఎడమల తకరారు మరొకటి. ప్రయాణికులకు ఎదురుగా నిలబడినవారి ఎడమ, విమానానికి కుడి. "ముక్కువైపు తిరిగి నిలబడితే ఏ పక్కనో ఆ పక్కే చెప్పాలి మామా, మా కుడిఎడమలు చెప్పకూడదు" అని మా మేనకోడలు వివరించింది. కెగ్‌వర్త్ గురించి చదివినవారికి ఆ జాగ్రత్త విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంటర్‌ఫోనే పనిచేయకపోతే? 2024 జనవరి 2న టోక్యో హనేడాలో జపాన్ ఎయిర్‌లైన్స్ ఎ350 రన్‌వేపై మరో విమానాన్ని ఢీకొని మండినప్పుడు మైకులు, ఇంటర్‌ఫోన్ మూగబోయాయి. క్రూ మెగాఫోన్లతోను, గొంతెత్తి అరుస్తూను ప్రయాణికులను నడిపించారు. ఎనిమిది ద్వారాలలో మూడే పనికొచ్చాయి. వెనుక ఎడమ ద్వారం దగ్గరివారు కాక్‌పిట్‌తో మాట్లాడలేక, బయటి పరిస్థితి చూసుకొని తామే నిర్ణయించి తలుపు తెరిచారు. ఆ విమానంలోని 379 మందీ బతికారు.

రేణిగుంట నుంచి ఎగిరే ఏ.టి.ఆర్. అనే చిన్న ప్రొపెల్లర్ విమానాలలో రెక్క కిటికీలకు పైన ఉంటుంది, ఇంజిన్లు కిటికీ పక్క ప్రయాణికులకు కనిపిస్తాయి. క్రూ ఇద్దరే, ఒకరు ముందు, ఒకరు వెనుక ఉంటే మధ్య వరుసలలోని దృశ్యం ముందుగా మన కళ్లకే పడవచ్చు. అప్పుడు కాల్ బెల్ నొక్కి, వరుస సంఖ్య, ఏ పక్క, పొగా మంటా అన్నంతవరకు చెబితే చాలునట. కారణం తేల్చే పని కాక్‌పిట్‌లో ఉన్నవారిది.