డవ్‌నోగ్ కోసం వెళ్తే యెష్షయి కనిపించాడు

పునీత డవ్‌నోగ్ చర్చి, అందులోని పాత రంగుల గాజు కిటికీ చూడాలంటే వేల్స్‌లోని లాన్‌రైయాడర్‌కు వెళ్లాలి. ఆ పేరుతో రెండు ఊళ్లున్నాయి. మనకు కావలసింది క్లూయిడ్ లోయలో, డెన్బీకీ రిథిన్‌కీ మధ్య ఉన్నది. మ్యాపులో ఉత్త పేరు కొడితే బెర్విన్ కొండల దగ్గర, మోఖ్నంట్‌లో ఉన్న రెండో లాన్‌రైయాడర్ చూపించే ప్రమాదముంది. అక్కడికి వెళ్తే ఆ రోజు పోయినట్టే. డెన్బీకి రైలు లేదు. రిల్ దాకా రైలు, ఆ తర్వాత బస్సు. ఈ కాస్త దూరానికి ఇంత చార్జీయా అనిపించింది. చర్చిలోకి మాత్రం టికెట్ లేదు, హుండీలో మన ఇష్టం.

పునీత డవ్‌నోగ్ 6వ శతాబ్దపు సన్యాసి. గరుకు వెంట్రుకల చొక్కా తొడుక్కుని, నడుముకు ఇనుప గొలుసు చుట్టుకుని చన్నీటి ఊటలో నిలబడి ప్రాయశ్చిత్తం చేసేవాడట. ఆ నీళ్లతో చర్మరోగాలు పోతాయని వచ్చిన యాత్రికుల కానుకలతోనే 1533లో ఈ గాజు కిటికీ పెట్టారని ఊరివాళ్ల మాట. అయినా ఐదు నిలువు భాగాల్లో ఎక్కడా డవ్‌నోగ్ లేడు! అంతా యెష్షయి వంశవృక్షమే, అంటే బైబిల్లో దావీదు రాజు తండ్రి యెష్షయి నుంచి యేసు దాకా వచ్చిన వంశం.

కింది నుంచి పైకి చూడాలి. అడుగున యెష్షయి పడుకుని ఉంటాడు, అతని ఒంట్లోంచి చెట్టు మాను లేస్తుంది. కొమ్మల మీద రాజులు, ప్రవక్తలు. వీణలాంటి వాద్యం పట్టుకున్నవాడు దావీదు. చిట్టచివర బాలయేసుతో మరియ. బైనాక్యులర్స్ తప్పనిసరి. అప్పుడే తెలుస్తుంది, ఒకే తెల్ల గాజు ముక్క మీద ముఖమూ పసుపు జుట్టూ మధ్యలో గాజు ముక్కల్ని అతికే సీసపు పట్టీ అడ్డు లేకుండా ఎలా వచ్చాయో. గాజు వెనక వెండి లవణం పూసి కొలిమిలో కాలిస్తే ఆ పసుపు గాజులోకే దిగుతుంది. ఎరుపుకు ఆ వీలు లేదు. గాజు మొత్తం ఎర్రగా పోస్తే నల్లగా కనబడుతుంది కాబట్టి తెల్ల గాజు మీద పల్చటి ఎర్ర పొర ఎక్కిస్తారు. కళ్లు, ముక్కు గీతలు గాజుపొడి, ఇనుప భస్మం కలిపిన రంగుతో వేసి కాల్చినవి. కాలింపు చాలకపోతే చెమ్మకు రాలిపోతాయి. పాత కిటికీల్లో ముఖాలు బోసిపోవడానికి ఒక ముఖ్య కారణం అదే. తూర్పు కిటికీ కనుక పొద్దున్నే వెళ్లండి. పల్చగా మబ్బు పట్టి ఉంటే ఇంకా మంచిది, ఎండ సూటిగా పడితే కళ్లు చెదిరి గీతలు కనబడవు.

1640ల ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో ఈ కిటికీని విప్పి దాచి, 1661లో మళ్లీ బిగించారు. కిటికీని ఇందులోనే దాచారని చెప్పే పెట్టె చర్చిలోనే ఉంది, ఒకే దుంగను తొలిచి చేసింది. కిటికీని పలకలుగా విడదీస్తే తప్ప అందులో పట్టేది కాదు.

డవ్‌నోగ్ నిలబడ్డ ఊట చర్చి వెనక అడవిలో, రాతి గట్ల తొట్టిగా ఉంది. దారంతా తడి, నాచు. చెప్పులతో వెళ్లకండి, పట్టున్న బూట్లు కావాలి.